తువ్వాల కింద బేరం

దుప్పటి మీద పసుపు మరక మంచానికి కుడివైపునే ఎందుకుందో జువేరియాకు అంతు చిక్కలేదు.

బొటనవేలంత మరక. అమీర్ అలీ కుడిచెయ్యి ఆనే చోటే ఉంది. ఎడమవైపు దుప్పటి తెల్లగా ఉంది. జువేరియా వంగి వాసన చూసింది. మందు కాదు, పూత కాదు. వంటింటి డబ్బాలో ఉండే పసుపు కూడా కాదు. కొమ్ము పసుపు, ముక్కు పట్టేసే ఘాటు. మానుకోటలో పుట్టి, కేసముద్రం మార్కెట్ యార్డులో మేనమామ వెంట పసుపు కుప్పలు ఎక్కి దిగుతూ పెరిగిన ముక్కు ఆమెది. ఈ ఒక్క సంగతిలో దాన్ని బోల్తా కొట్టించడం ఎవరి తరమూ కాదు.

మరి కేసముద్రం పసుపుకి జనగామ నర్సింగ్ హోమ్‌లో ఏం పని?

మంచం మీది మనిషి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. పొద్దున కళ్ళు తెరుస్తాడు, రాత్రి మూస్తాడు. ముక్కులోని గొట్టం గుండా జావ పోస్తే అరిగించుకుంటాడు. పిలిస్తే మాత్రం పలకడు, చెయ్యి ఎత్తమంటే ఎత్తడు. డాక్టర్లు దీనికి వెజిటేటివ్ స్టేట్ అని పేరు పెట్టారు. లోపల మనిషి ఉన్నాడా, ఇల్లు ఖాళీ చేసి పోయాడా అంటే మాత్రం వాళ్ళూ నీళ్ళు నములుతారు.

ఏడు నెలల కిందట, తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రైలు పట్టాల మీద కూర్చున్న రోజున, కేసముద్రం యార్డు గోదాములో, అక్కడే పసుపు దళారీగా పనిచేసే అమీర్ అలీ తల వెనక పగిలి దొరికాడు. జనమంతా స్టేషన్లో ఉన్నారు. చూసినవాడు లేడు. బస్తాల మీంచి జారిపడ్డాడని పోలీసులు కేసు మూసేశారు. ఇప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గు బావులు మూతపడ్డాయి. హైకోర్టులో అమీర్ అలీ తమ్ముడు ఆరిఫ్ వేసిన అర్జీ మాత్రం ఆగలేదు. అన్నకు ఇక తెలివి రాదు, గొట్టం తీసెయ్యడానికి అనుమతి ఇవ్వండి అని ఆ అర్జీ. కోర్టు ముగ్గురు డాక్టర్లను వేసింది. వాళ్ళు ఈ మధ్యాహ్నమే వస్తున్నారు. లోపల మనిషి లేడని వాళ్ళు రాసిచ్చారంటే గొట్టం తియ్యడానికి ఇక అడ్డేమీ ఉండదు.

ఉన్నాడని అమీర్ అలీ భార్య గుల్షన్ బేగం ఒక్కతే అంటోంది. మానుకోటలో డిటెక్టివ్ పని చేసే జువేరియాను వెతుక్కుంటూ వచ్చి ఆమె చెప్పింది కూడా అదే. "ఎండకాలం దాక నా వేలు నొక్కిండు బేటీ. తర్వాత బంద్ జేసిండు. ఎందుకు బంద్ జేసిండో నువ్వు పట్టాలె."

కేసు తీసుకున్న రోజున జువేరియాకు అది వింత కోరికగానే అనిపించింది. ఇప్పుడీ మరక చూశాక అంత వింతగా లేదు.

ఆయా రామి బకెట్‌తో లోపలికి వచ్చింది.

"ఈ దుప్పటి ఎప్పుడు మార్చినవక్కా?"

"తెల్లారంగనే, మేడం."

"మరి గీ మరకేంది?"

"అయ్యో, దాని సంగతి అడగకుండ్రి. ఎంత ఉతికినా పోదు. సబ్బులన్నీ దీనికే అయిపోతున్నయి."

"రోజూ అయితదా?"

"రోజూ గాదు. వారంల రెండు దినాలు."

"తమ్ముడు ఆరిఫ్ సాబ్ ఎన్నిసార్లు వస్తడు?"

"గాయన గూడ వారంల రెండు…" రామి ఆగిపోయింది. బకెట్ కింద పెట్టింది. "ఇయ్యాల పొద్దుగాల గూడ వచ్చి కూసున్నడు."

"కూసొని ఏం చేస్తడు?"

"ఏం జేస్తడు మేడం, పాపం. అన్న చెయ్యి పట్టుకుంటడు. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పుతడు. మెల్లగ ఏందో చెప్పుకుంట కూసుంటడు. గంత ప్రేమగల్ల తమ్ముని నేనైతే సూడలే."

"తువ్వాల ఎందుకు?"

"సలి పెడతదని గావచ్చు."

"ఎప్పటి సంది కప్పుతుండు?"

"ఎండకాలం సంది."

"మండుటెండల సలేందక్కా?"

రామి దుప్పటి వైపు చూసింది. అడిగే దాకా తనకూ తట్టలేదన్న సంగతి ఆమె ముఖం మీదే కనిపించింది.

జువేరియాకు మాత్రం ఆ తువ్వాల ఎందుకో తెలుసు. కేసముద్రం యార్డులో పాతకాలపు దళారీలు నోటితో బేరం ఆడరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒకే తువ్వాల కింద కలుస్తాయి. ఏమిటన్నది పైకి అడుగుతారు, జవాబు లోపల వేళ్ళు చెబుతాయి. చూపుడువేలు పట్టి నొక్కితే ఒప్పుకున్నట్టు. బొటనవేలు పక్కకు తోస్తే కాదన్నట్టు. ఆనుకుని నిలబడ్డవాడికి కూడా ఏం తెగిందో తెలియదు. తెలియకూడదనే ఆ తువ్వాల. చిన్నప్పుడు మేనమామ ఆమె చేతి మీద తువ్వాల కప్పి పిప్పరమెంట్ల కోసం బేరమాడించేవాడు. ఆమె ఎప్పుడూ ఓడిపోయేది.

అయితే బేరానికి రెండో చెయ్యి కావాలి. తెలివి లేని మనిషితో తువ్వాల కింద బేరం ఎవడాడతాడు? అవతలివాడికి అన్నీ తెలుస్తున్నాయని తెలిసినవాడే ఆడతాడు.

గది తలుపు తోసుకుని జగపతి వచ్చాడు. డీఎస్పీగా రిటైరై హైదరాబాదులో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. ఆరిఫ్ పెట్టుకున్నది ఇతన్నే. చేతిలో వీడియో కెమెరా, ముఖాన చిరునవ్వు.

"ఏమ్మా జువేరియా, దుప్పట్లు వాసన చూస్తున్నావట? మీ భాషలో చెప్పాలంటే, గీడ ఏం లేదు."

"మా భాష మీ నోట్ల తిరుగుతలేదు సార్. కష్టపడకుండ్రి, మీ భాషలనే చెప్పుండ్రి."

చిరునవ్వు కాస్త తగ్గింది. "సరే, చెబుతాను. పసిపిల్లల అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటారు. దాన్ని రిఫ్లెక్స్ అంటారు. గుల్షన్ బేగం తన మొగుడు వేలు నొక్కాడనుకున్నది అదే. నేను గంటల తరబడి వీడియో తీశాను. ఎంత పిలిచినా వేలు కూడా కదల్లేదు."

"ఎండకాలం దాక కదిలింది గద. తర్వాత రిఫ్లెక్స్ అలిగిందా?"

"మెదడు ఇంకా దెబ్బతిని ఉంటుంది."

"కావచ్చు. వీడియో తీసినప్పుడు చెయ్యి మీద తువ్వాల కప్పినరా?"

"తువ్వాలా? ఎందుకు?"

"మీరు అడిగిన ఈ ముక్కే ఆరిఫ్‌ను అడగాలె. జర పక్కకు జరుగుండ్రి."

జగపతి అడ్డు తొలగలేదు. "చూడు, ఆ మనిషిని ఇలా గొట్టాలతో ఉంచడం దయ అనుకుంటున్నావా? నేను మా నాన్నను ఇలాగే చూశాను. ఇలా బతికించమని ఆయన ఎవరినీ అడగలేదు."

ఈసారి అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. జువేరియా కూడా మాట తగ్గించింది. "మీ నాయినను ఎవరూ అడగలేదు సార్. ఈయనను గూడ ఎవరూ అడగలేదు. నేను అడుగుత. అడిగినంక ఆయన చెప్పింది ఏదైనా నాకు ఒప్పుదలే."

ఆరిఫ్ వరండాలో బెంచీ మీద ఉన్నాడు. నలభై దాటిన బక్కపల్చటి మనిషి. భుజం మీద తువ్వాల. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు అంచు నుంచి అంచు దాకా పచ్చగా ఉంది.

"తువ్వాల ఉతకరా భాయ్?"

"దలాలీ తువ్వాల ఉతికితే బర్కత్ పోతది, లాభం నిలువదు." సగం నవ్వుతూ అన్నాడు.

"అన్నతోని రోజూ ఏం మాట్లాడుతరు?"

"ఏం మాట్లాడుత? గోడతోని మాట్లాడినట్టే. ఆయనకేం తెల్వది. కోర్టుల గూడ గదే రాసిచ్చిన."

"మరి తువ్వాల కింద?"

ఆరిఫ్ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయి తువ్వాలను లాగి ఒళ్ళో దాచుకుంది. తర్వాత గాని అతనికి ఏం చేశాడో అర్థం కాలేదు.

"అలవాటు," అన్నాడు.

"అవును భాయ్, అలవాటే," అంది జువేరియా. ఇరవై ఏళ్ళు యార్డులో నిలబడ్డ మనిషి బేరమంటే తువ్వాల వెయ్యకుండా ఉండలేడు. చేతులు విడిగా పట్టుకుని గుసగుసలాడి ఉంటే ఈ జన్మలో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

ఆమె గదిలోకి వెళ్ళి గుల్షన్ బేగంను పిలిచి లోపల గడియ పెట్టింది. దూరంగా హైవే మీద వంటావార్పు నిరసన డప్పులు వినిపిస్తున్నాయి. డాక్టర్ల కారు అక్కడే ఆగి ఉందని కింద కాంపౌండర్ అంతకుముందే చెప్పాడు. ఉద్యమకారులు దారి ఇచ్చేదాకా ఉన్న సమయమే ఆమెకున్న సమయం.

"ఖాలా, మీరు నిలబడి చూడుండ్రి. నేను అడుగుత."

జువేరియా తన దుపట్టా తీసి అమీర్ అలీ కుడిచెయ్యి మీద కప్పింది. తన చెయ్యి కిందికి పోనిచ్చింది. ఆడపిల్ల దుపట్టా కింద బేరం ఆ యార్డు పుట్టినప్పటి నుంచి జరిగి ఉండదు. అతని చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది.

"చాచా, నేను మానుకోట జువేరియాను. నా మాట వినబడుతుందా?"

ఏమీ లేదు.

"ఖాలా ఇక్కడనే ఉన్నది. వినబడితే నొక్కు."

ఏమీ లేదు. గుల్షన్ బేగం ఆశగా ఆమె ముఖంలోకి చూస్తోంది. జువేరియా తల అడ్డంగా ఊపింది. జగపతి చెప్పిందే నిజమేమో.

అప్పుడు మేనమామ గొంతు జ్ఞాపకం వచ్చింది. ఒక బేరం మాటలో ఉండగా దళారీ ఇంకొకరికి వేలివ్వడు. ఇస్తే యార్డులో మళ్ళీ ముఖం చూపించలేడు. అయితే ఎవరైనా వచ్చి, సరుకు ఖాళీగా ఉందా, మాటలో ఉందా, ఉంటే ఎవరితో, దేనికి అని అడిగితే నిజం చెప్పి తీరాలి. అది దలాలీ ధర్మం. వాడు శత్రువైనా సరే.

"చాచా," అంది జువేరియా, యార్డులో అడిగే తీరులో. "మాల్ ఖాళీగ ఉన్నదా?"

రెండు క్షణాలు గడిచాయి. అమీర్ అలీ వేలు ఆమె బొటనవేలిని పక్కకు తోసింది.

జువేరియా చెయ్యి తియ్యకుండా ఇంకాస్త వంగింది. రిఫ్లెక్స్ అయితే పట్టుకుంటుంది, తోసెయ్యదు. అయినా సరిచూసుకోవాలి.

"మాటల ఉన్నదా?"

చూపుడువేలు మీద నొక్కు. నెమ్మదిగా పడింది, గాని ఖచ్చితంగా పడింది.

"ఏమన్నడు?" అంది గుల్షన్ బేగం.

"మనిషి లోపలనే ఉన్నడు ఖాలా." ఆ మాట అనేటప్పుడు జువేరియా గొంతు తనకే కొత్తగా వినిపించింది. గుల్షన్ బేగం గోడకు ఆనుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"చాచా, బేరం ఆరిఫ్‌తోనా?"

నొక్కు.

"నువ్విచ్చేది నీ ప్రాణమేనా?"

నొక్కు.

"డాక్టర్లు ఎంత పిలిచినా పలకొద్దు. అంతేనా?"

నొక్కు.

"నీకు బదులు ఏమిస్తనన్నడు? జాగనా, ఇల్లా?"

బొటనవేలు పక్కకు పోయింది.

"ఖాలాను మంచిగ చూసుకుంటనన్నడా?"

మళ్ళీ పక్కకే.

"హఫీజా?"

నొక్కు పడింది. ఈసారి వేలు వదల్లేదు.

హఫీజ్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. భూపాలపల్లి బొగ్గుబావిలో పని. అతను కూడా డాక్టర్ల ముందు మాట్లాడాలని పొద్దున్నే మోటారు సైకిల్ మీద బయల్దేరాడు. బస్సులు లేని రోజుల్లో అదొక్కటే దారి.

"హఫీజ్‌ను చంపుతనన్నడా?"

కాదు.

"పోలీసులకు పట్టిస్తనన్నడా?"

నొక్కు.

జువేరియా ఆలోచించింది. ఏడు నెలలుగా మంచం మీద ఉన్న తండ్రి దగ్గర కొడుకు మీద ఏ కేసు చెబితే నమ్ముతాడు? దెబ్బ తల వెనక పడింది. కొట్టినవాణ్ణి ఆయన చూసే అవకాశం లేదు.

"నిన్ను కొట్టింది హఫీజ్ అని ఆరిఫ్ చెప్పిండా?"

నొక్కు.

జువేరియా తలెత్తి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గుల్షన్ బేగం గోడ వదిలి మంచం దగ్గరికి వచ్చింది.

"తౌబా తౌబా. ఆ దినం హఫీజ్ కేసముద్రంల ఎక్కడున్నడు? భూపాలపల్లిల ఠాణాల ఉన్నడు. పట్టాల మీదికి పోతరని కార్మికులను తెల్లారకముందే పట్టుకపోయి రాత్రి దాక కూసోవెట్టిండ్రు."

"చాచాకు తెల్వదా?"

"తెల్వనియ్యలే." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఉద్యమాలల్ల తిరిగితే నౌకరి పోతదని ముందునాడు రాత్రే ఫోన్ల తండ్రి కొడుకులు గట్టిగ కొట్లాడిండ్రు. హఫీజ్ కోపంల నేను వచ్చి నీతోని తేల్చుకుంట అన్నడు. తెల్లారి ఠాణాల నుంచి ఎవరితోనో నాకు కబురు పంపిండు, నాయినకు చెప్పకు అని. నేను చెప్పలే. ఊర్లెనే ఉన్నడు, గోదాముకు వస్తుండు అన్న. ఆ మాట మీదనే ఆయన గోదాముకు పోయిండు."

ఇప్పుడు లెక్క కుదిరింది. కొడుకు వస్తానన్నాడు, భార్య వస్తున్నాడంది, తర్వాత దెబ్బ పడింది. ఆరిఫ్ దానికి ఒక్క అబద్ధం అతికిస్తే చాలు. తెలివిలో ఉన్న అన్నను తెలివి లేదని కోర్టుకు రాసిచ్చినవాడికి ఆ దెబ్బ ఎవరిదో బాగా తెలిసే ఉంటుంది. ఎందుకు కొట్టాడన్నది ఇంకా తేలాల్సి ఉంది.

"చాచా విను. హఫీజ్ కొట్టలేదు. ఆ దినం ఠాణాల ఉన్నడు. ఆరిఫ్ నీకు చూపించిన మాల్ ఖరాబు. ఖరాబు మాల్ మీద బేరం నిలువదు."

ఆమె ఎదురు చూసింది. అతను ఆమె బొటనవేలిని పక్కకు తోశాడు.

"నమ్ముతలేడు," అంది జువేరియా.

గుల్షన్ బేగం ఇంకో అడుగు ముందుకు వేసింది. అడగకుండానే జువేరియాను పక్కకు జరిపి తన చెయ్యి దుపట్టా కిందికి పోనిచ్చింది. ముప్పై ఏళ్ళ సంసారంలో భర్త చెయ్యి ఎన్నోసార్లు పట్టుకుంది గాని, యార్డులో పట్టుకున్నట్టు ఎప్పుడూ పట్టుకోలేదు.

"నేనే దాచిన. అల్లా సాక్షి, కొడుకు ఠాణాల ఉన్నడు. నీకు కోపమొస్తదని అబద్ధం చెప్పిన. ఇప్పుడు నిజం చెప్తున్న."

ఆమె దుపట్టా వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఆమె ముఖంలో నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"బొటనవేలు తోసిండు బేటీ. ఇన్ని దినాలకు నాతోని మాట్లాడిండు. మాట్లాడి, నువ్వు చెప్పేది అబద్ధం అంటుండు. కొడుకును కాపాడుకునే తల్లి మాట గిట్లనే ఉంటదనుకుంటుండు."

వరండాలో బూట్ల చప్పుడు. డాక్టర్లు వచ్చేశారు. ఎవరో తలుపు తట్టారు.

గుల్షన్ బేగం చెయ్యి తియ్యలేదు. కళ్ళు తుడుచుకోలేదు. గొంతు మాత్రం మారింది. సంతలో కూరగాయలు బేరమాడేటప్పుడు ఆమె గొంతు అలాగే ఉండి ఉంటుంది.

"సరే, నన్ను నమ్మకు. హఫీజ్ వస్తుండు. వాడు వచ్చి నీ చేతుల చెయ్యి వెట్టి చెప్పేదాక ఆగు. గంతవరకు ప్రాణం ఎవరికీ ఇయ్యకు. వాడు చెప్పినంక నీకు ఉండాలని లేకుంటే నేను గొట్టం తీయిస్త. ఎవరి బెదిరింపూ లేకుంట, నీ ఇష్టం మీద. నా మాట ఇస్తున్న."

మళ్ళీ తట్టారు. జువేరియా గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

"నొక్కిండు," అంది గుల్షన్ బేగం.

తలుపు తెరుచుకుంది. ముగ్గురు డాక్టర్లు, వాళ్ళ వెనక కెమెరాతో జగపతి, గుమ్మం అవతల ఆరిఫ్. మంచం మీది దుపట్టాను, దాని కింద కలిసిన చేతులను ఆరిఫ్ చూశాడు.

"పరీక్ష జరసేపు ఆపాలె సార్," అంది జువేరియా. "కొడుకు హఫీజ్ వచ్చేదాక."

పెద్ద డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎవరు ఆపమన్నారు?"

"పేషెంటే."

జగపతి నవ్వబోయాడు. డాక్టరు నవ్వలేదు. ఆయన దుపట్టా వైపు చూస్తున్నాడు. "ఇది ఏ పద్ధతి? నా చెయ్యి పెట్టి చూడొచ్చా?" అని కుర్రవాడిలా అడిగాడు. జువేరియా వేళ్ళ గుర్తులు చెప్పసాగింది. ఒకటి చెప్పి, రెండోది చెప్పబోతూ గుమ్మం వైపు చూసింది.

"ఆరిఫ్ ఏడి?"

జగపతి వెనక్కి తిరిగాడు. బెంచీ ఖాళీ. కింద మోటారు సైకిల్ స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. అతని ముఖంలో రంగు మారింది.

"ఇప్పుడే… కొడుకు ఏ దారిన వస్తున్నాడని అడిగాడు. ఎప్పుడొస్తాడో కనుక్కుందామని పొద్దున నేను హఫీజ్‌తో ఫోన్లో మాట్లాడాను. పరకాల మీదుగా అన్నాడు. సొంత బాబాయి కదా అని చెప్పేశాను."

జువేరియా ఫోన్ తీసి హఫీజ్ నంబరు నొక్కింది. మోగుతోంది. బండి మీద ఉన్నవాడు ఎత్తడం లేదు. హఫీజ్ ఇక్కడికి చేరకపోతేనే ఆరిఫ్ అబద్ధం నిలుస్తుంది.

"బేటీ," అంది గుల్షన్ బేగం.

దుపట్టా జారి కింద పడింది. కప్పే గుడ్డ ఏదీ లేకుండానే, ముగ్గురు డాక్టర్ల కళ్ళ ముందు, అమీర్ అలీ భార్య చేతిని ఐదు వేళ్ళతో బిగించి పట్టుకున్నాడు. ఒప్పుకోవడానికీ కాదు, కాదనడానికీ కాదు. ఆ పట్టుకు యార్డులో అర్థం లేదు. ఆయన కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి.

"ఈయన అంత విన్నడు. నన్ను వదుల్తలేడు. నువ్వు ఉరుకు బేటీ, హఫీజ్ దిక్కు ఉరుకు."

జువేరియా అప్పటికే మెట్ల మీద ఉంది. వెనకే జగపతి కారు తాళాలు తీసుకుని దిగుతున్నాడు.